గేటు మూస్తేనే గిరాకీ: అల్జీరియా, మొరాకోల వాణిజ్య సూత్రం

రెండు దేశాల మధ్య వాణిజ్య బంధం బలపడాలంటే ఏం చెయ్యాలో మనకు బాగా తెలుసు. ఓ ఫైవ్‌స్టార్ హోటల్లో బిజినెస్ సదస్సు పెట్టాలి, రెండు జెండాలు పక్కపక్కన నిలబెట్టాలి, మంత్రులిద్దరూ ఫైళ్లు మార్చుకుంటూ కెమెరా వైపు చూసి నవ్వాలి. ఎంఓయూల మీద సంతకాలు పెట్టడంలో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఎవరికీ తీసిపోవు కాబట్టి ఈ పద్ధతి గురించి ఇంకా చెప్పక్కర్లేదు.

కానీ మధ్యధరా ఒడ్డున అల్జీరియా, మొరాకో అని రెండు దేశాలున్నాయి. ఈ పాత చింతకాయ పచ్చడి వాళ్లకు నచ్చలేదు. వాణిజ్యం బాగుపడాలంటే ముందు గేటుకు తాళం వెయ్యాలని 1994లోనే కనిపెట్టి, ఇప్పటిదాకా ఆ మాట మీదే నిలబడ్డారు. ఇంత స్థిరమైన ఆర్థిక విధానం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

నిజానికి వాళ్లకు అన్నీ అనుకూలమే, అదే వచ్చిన చిక్కు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఉమ్మడి సరిహద్దు, ఒకే మతం, కాస్త యాస తేడాతో ఒకే భాష, అటు అత్తగారిల్లు, ఇటు పుట్టిల్లు. ఒకరి దగ్గర గ్యాస్ ఉంది, రెండోవాళ్లకు గ్యాస్ కావాలి. ఇంత సులువైన చోట వ్యాపారం ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేముంది?

మొదట్లో వీళ్లూ దారి తప్పారు లెండి. 1989 ఫిబ్రవరిలో మరాకేష్‌లో ట్యునీసియా, లిబియా, మారిటేనియాలను కూడా కలుపుకొని అరబ్ మగ్రెబ్ యూనియన్ అని పెట్టుకున్నారు. యూరప్ వాళ్లలా మనమూ ఒకే మార్కెట్ అయిపోదామనుకున్నారు. దేశాధినేతల చివరి శిఖరాగ్ర సమావేశం 1994లో జరిగింది. యూనియన్‌ను మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు, రబాత్‌లో ఆఫీసు కూడా ఉంది. ఈ ఐదు దేశాలూ తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం లోపేనని ఐఎంఎఫ్ లెక్కగట్టి బాధపడింది. ఐఎంఎఫ్‌కు ఎప్పుడూ ఏదో ఒక బాధ ఉంటుంది.

1994 ఆగస్టులో మరాకేష్‌లోని ఓ హోటల్ మీద దాడి జరిగి ఇద్దరు స్పానిష్ పర్యాటకులు చనిపోయారు. అల్జీరియా హస్తం ఉందని అనుమానించిన మొరాకో వీసాలు పెట్టింది, దానికి జవాబుగా అల్జీరియా తనూ వీసాలు పెట్టి, ఏకంగా భూసరిహద్దునే మూసేసింది. పదేళ్ల తర్వాత ఇద్దరూ వీసాలు ఎత్తేశారు గానీ గేటు తెరవలేదు. అంటే, నువ్వు మా ఇంటికి రావచ్చు, వీసా అక్కర్లేదు, కాకపోతే గుమ్మంలోంచి మాత్రం రాకు. మొరాకోలోని ఊజ్దా నుంచి అల్జీరియాలోని మగ్నియాకు కారులో గంట కూడా పట్టదు. ఆ ఊరి పెళ్లికి వెళ్లాలంటే ముందు కాసాబ్లాంకా పోయి విమానం ఎక్కాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరులో అల్జీరియా గగనతలం కూడా మూసేశాక ఆ విమానమూ పోయింది, ఇప్పుడు ట్యూనిస్ మీదుగానో పారిస్ మీదుగానో వెళ్లాలి. అంత డబ్బు లేనివాళ్లు సయీదియా దగ్గర వాగుకు ఇవతల నిలబడి అవతలి ఒడ్డున ఉన్న చుట్టాలకు చేతులూపి, గట్టిగా అరిచి క్షేమసమాచారాలు కనుక్కుంటారు. రోమింగ్ చార్జీలు ఉండవు.

ఇక గ్యాస్. ఇది ఎంబీఏ పిల్లలకు పాఠంగా పెట్టాల్సిన సంగతి. అల్జీరియా ఎడారిలోని హస్సీ రమెల్ నుంచి మొరాకో మీదుగా జిబ్రాల్టర్ జలసంధి దాటి స్పెయిన్ దాకా 1996 నుంచి ఒక పైప్‌లైన్ నడిచింది. తన నేల మీదుగా పోతున్నందుకు మొరాకోకు కొంత గ్యాస్ దక్కేది, దాంతో రెండు కరెంటు కేంద్రాలు నడిచేవి. గేటు మూసి ఉన్నా పైపు పాతికేళ్లు పనిచేసింది. ఇది పెద్ద లోపమే కదా మరి! 2021 ఆగస్టులో దౌత్య సంబంధాలు తెగిపోయాయి, అక్టోబరు 31న కాంట్రాక్టు ముగిసింది, అల్జీరియా పొడిగించలేదు. పైపు ఎండిపోయింది.

ఎండిన పైపును మొరాకో ఊరికే వదల్లేదు. అంతర్జాతీయ మార్కెట్లో ద్రవరూప గ్యాస్ కొని, ఓడల్లో స్పెయిన్‌కు తెప్పించి, అక్కడ మళ్లీ వాయువుగా మార్పించి, 2022 జూన్ నుంచి అదే పైపులో వెనక్కి పంపించుకుంటోంది. పక్కింట్లో కూర ఉడుకుతుంటే పక్క ఊరి హోటల్ నుంచి పార్సిల్ తెప్పించుకుని, పక్కింటివాళ్ల క్యారియర్‌లోనే పెట్టించుకోవడం లాంటిదన్నమాట. మధ్యలో అల్జీరియాకు టెన్షన్ పట్టుకుంది. స్పెయిన్‌కు అమ్మిన మా గ్యాసే ఇలా తిరిగి మొరాకోకు పోతే ఊరుకోం, కాంట్రాక్టు రద్దు చేస్తామని హెచ్చరించింది. అందుకని స్పెయిన్ ప్రతి సరుకుకూ ఇది ఎక్కడి గ్యాసో చెప్పే ధ్రువపత్రం ఏర్పాటు చేసింది. గ్యాస్‌కు కూడా నేటివిటీ సర్టిఫికెట్! పైపులో కలిసిపోయాక ఏ అణువు ఎవరిదో తహసీల్దారైనా ఎలా తేలుస్తాడని అడగకండి, సంతకం ఉంటే చాలు.

ఈ కథలో నిజమైన వాణిజ్య ప్రతినిధులు మాత్రం గాడిదలు. తిట్టడం లేదు. అల్జీరియాలో సబ్సిడీ పెట్రోలు చవక, మొరాకోలో ఖరీదు. గేటుకు తాళం పడ్డాక క్యాన్లు కట్టిన గాడిదలు అలవాటైన దారిలో మనిషి తోడు లేకుండానే సరిహద్దు దాటేవి, ఊజ్దా చుట్టుపక్కల రోడ్ల పక్కన ఆ పెట్రోలు బాహాటంగా అమ్మేవారు. అటు నుంచి పెట్రోలు, మందులు, ఇటు నుంచి కూరగాయలు, బట్టలు. సదస్సు లేదు, టీఏ డీఏ బిల్లుల్లేవు, ఉమ్మడి ప్రకటన కోసం రాత్రంతా కామాలు దిద్దుకునే పనీ లేదు. యూనియన్ ఆఫీసు చెయ్యలేని పని నాలుగు కాళ్లతో చేసి చూపించాయి. ఈ అక్రమ పురోగతిని ఏ ప్రభుత్వమైనా ఎంతకాలం సహిస్తుంది? 2013 తర్వాత అల్జీరియా కందకాలు తవ్వింది, మొరాకో కంచె వేసింది. మూడు దశాబ్దాల్లో ఈ రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోకుండానే కలిసి పూర్తిచేసిన ఏకైక మౌలిక సదుపాయాల ప్రాజెక్టు బహుశా ఇదే.

దీనంతటి వెనక మొరాకోకు దక్షిణాన ఉన్న పశ్చిమ సహారా అనే ఎడారి ప్రాంతం ఉంది. 1975 నుంచి అది తనదేనని మొరాకో, దాని స్వాతంత్య్రం కోసం పోరాడే పొలిసారియో ఉద్యమానికి అండగా అల్జీరియా. అక్కడి నుంచి పారిపోయి అల్జీరియాలోని టిండూఫ్ శిబిరాల్లో తరాలు గడిపేస్తున్నవాళ్ల విషయంలో నవ్వడానికి ఏమీ లేదు. కానీ వాళ్ల సమస్య టమాటాల ట్రక్కును ఆపితే ఎలా తీరుతుందో ఏ రాజధానీ ఇంతవరకు వివరించలేదు.

మనకేంటి అంటారా? డీఏపీ బస్తా కోసం ఆధార్ కార్డు పట్టుకుని తెల్లవారుజామున క్యూలో నిలబడే మన రైతుకు ఈ గొడవతో చిన్న బంధుత్వం ఉంది. డీఏపీకి ఫాస్ఫేట్ కావాలి, అమ్మోనియా కావాలి. ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో దగ్గరున్నాయి, మన దేశం అక్కణ్ణుంచే బాగా కొంటుంది. అమ్మోనియా గ్యాస్‌తో తయారవుతుంది, గ్యాస్ అల్జీరియాలో ఉంది. బస్తాలో సగం ఒక ఇంట్లో, సగం పక్కింట్లో. మొరాకో మాత్రం అట్లాంటిక్ అవతల ట్రినిడాడ్ నుంచి కూడా అమ్మోనియా తెప్పించుకుంటుంది. దూరపు సరుకుకు ఉండే గౌరవం వేరు.

ఈ మధ్య సంస్కరణలు ఇంకా వేగం పుంజుకున్నాయి. మొరాకో రేవుల మీదుగా వచ్చే సరుకు కాంట్రాక్టులను అనుమతించవద్దని 2024 జనవరిలో అల్జీరియా బ్యాంకులకు ఆదేశం వెళ్లింది. ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చిన మొరాకో జట్టు బెర్కాన్ జెర్సీలను అల్జీర్స్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు, వాటి మీద సహారాతో కలిపి మొరాకో పటం ఉందని. మ్యాచ్ జరగలేదు, బంతి తన్నకుండానే బెర్కాన్ 3-0తో గెలిచింది. సెప్టెంబరులో మొరాకో వాళ్లకు అల్జీరియా మళ్లీ వీసాలు పెట్టింది.

గేటు, పైపు, ఆకాశం, రేవు, చొక్కా, అన్నీ అయ్యాయి. మిగిలింది ఒక్కటే. 2020 డిసెంబరులో అల్జీరియా, మొరాకో, ట్యునీసియా, మారిటేనియా కలిసి ఒకే దరఖాస్తు పెట్టి కుస్కుస్ వంటకాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించాయి. ఒకే కాగితం మీద అల్జీరియా, మొరాకో పేర్లు పక్కపక్కన ఉన్నాయి. ఇంత తీవ్రమైన పొరపాటు ఎవరి నిర్లక్ష్యం వల్ల జరిగిందో రెండు ప్రభుత్వాలూ వెంటనే విచారణ జరిపించాలి, వేర్వేరుగా.