ఒక్క వైఫల్యమూ లేని ప్రయోగ వేదిక ఎందుకు మూగబోయింది?

కెన్యాలో మాలింది పట్టణానికి ఉత్తరాన ఎన్‌గోమెని అనే ఊరుంది. ఆ ఊరి ముందున్న సముద్రంలో, ఒడ్డుకు దూరంగా, ఇనుప కాళ్ల మీద నిలబడ్డ పాత వేదికలు కనిపిస్తాయి. చూడగానే చమురు కోసం వేసినవి అనిపిస్తాయి. వాటిలో ఒకటైన శాంటా రీటా నిజంగానే ఒకప్పటి చమురు రిగ్గు. కానీ దాని పక్కనున్న శాన్ మార్కో వేదిక నుంచి 1967, 1988 మధ్య తొమ్మిది ఉపగ్రహాలు కక్ష్యలోకి వెళ్లాయి. తొమ్మిదికి తొమ్మిదీ సఫలమే. ఆ తర్వాత ఒక్కటి కూడా వెళ్లలేదు.

మూతపడిన ప్రయోగ కేంద్రం అనగానే, పాతబడింది కాబట్టి పక్కన పెట్టేశారనుకుంటాం. శాన్ మార్కో విషయంలో అది నిజం కాదని నా అభిప్రాయం. ఆ చోటు అవసరం నేటికీ తీరలేదు.

దీని వెనకున్న మనిషి ఇటలీ వైమానిక దళానికి చెందిన ఇంజినీరు లుయీజి బ్రోలియో. ఇటలీ దగ్గర సొంత రాకెట్ లేదు. అమెరికా దగ్గర స్కౌట్ అనే చిన్న, నాలుగు దశల ఘన ఇంధన రాకెట్ ఉంది. నాసా ఆ రాకెట్‌ను ఇచ్చి, ఇటలీ బృందానికి వర్జీనియాలోని వాలప్స్ కేంద్రంలో శిక్షణ ఇచ్చింది. ఆ బృందమే 1964 డిసెంబర్ 15న ఇటలీ తొలి ఉపగ్రహాన్ని వాలప్స్ నుంచి పైకి పంపింది. 1967 ఏప్రిల్ 26న రెండో ఉపగ్రహం కెన్యా సముద్రం మీది నుంచే లేచింది.

అంత దూరం ఎందుకు వెళ్లారు? భూమధ్యరేఖ దగ్గర భూభ్రమణం రాకెట్‌కు సెకనుకు 465 మీటర్ల వేగాన్ని ఉచితంగా ఇస్తుందని చాలామంది చెబుతారు. నిజమే. కానీ అసలు లాభం అది కాదు. ఫ్లోరిడా తీరం 28.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడి నుంచి నేరుగా వెళ్లే ఉపగ్రహం కక్ష్య భూమధ్యరేఖకు కనీసం అంత వంపుతో ఉంటుంది. ఆ వంపును సరిచేసి భూమధ్యరేఖ మీదికి తేవాలంటే సెకనుకు 3.7 కిలోమీటర్ల వరకు వేగం ఖర్చవుతుంది. 550 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం వేగమే 7.6 కిలోమీటర్లు. అంటే దాదాపు సగం! స్కౌట్ లాంటి చిన్న రాకెట్‌కు ఆ భారం మోసే శక్తి లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన మూడు డిగ్రీల దూరంలోనే ఉన్న శాన్ మార్కోలో ఆ సమస్యే లేదు.

భూమధ్యరేఖ మీది ఆ కక్ష్య మరీ ముఖ్యంగా ఎక్స్-రే ఖగోళ శాస్త్రానికి, అంటే అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను పరిశీలించే శాస్త్రానికి కావాలి. దక్షిణ అట్లాంటిక్ మీద భూమి రేడియేషన్ పట్టీ బాగా కిందికి దిగి ఉంటుంది. దాన్ని దాటిన ప్రతిసారీ సున్నితమైన పరికరాలు తప్పుడు సంకేతాలతో నిండిపోతాయి. భూమధ్యరేఖను అంటిపెట్టుకుని తిరిగితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

అందుకే 1970 డిసెంబర్ 12న ఎక్స్-రే పరిశీలన కోసమే తయారైన మొట్టమొదటి ఉపగ్రహం ఇక్కడి నుంచి వెళ్లింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్యానికి ఏడేళ్లు నిండాయి. ప్రాజెక్టు మేనేజర్ మార్జరీ టౌన్‌సెండ్ సూచనతో దానికి 'ఉహురు' అని పేరు పెట్టారు. స్వాహిలీలో ఉహురు అంటే స్వాతంత్ర్యం. సుమారు 140 కిలోల ఆ చిన్న ఉపగ్రహం 339 ఎక్స్-రే మూలాలను నమోదు చేసింది. వాటిలో సిగ్నస్ ఎక్స్-1 అనే మూలాన్ని కృష్ణబిలంగా గుర్తించడానికి దారి చూపింది. ఈ రంగానికి పునాది వేసిన రికార్డో జకోనీకి 2002లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఉహురు మీద పని చేసినవాళ్లలో ఆయనే ముందు వరుస.

ఆ రోజు రాకెట్, ఉపగ్రహం అమెరికావి. ప్రయోగించిన చేతులు ఇటలీవి. సముద్రం కెన్యాది, పేరూ కెన్యాదే. ఆ పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. స్వాతంత్ర్యం అని పేరు పెట్టుకున్న ఉపగ్రహం లేచిన చోట, ఆ దేశానికి సొంతమైనది భౌగోళిక స్థానం ఒక్కటే.

శాన్ మార్కో బలహీనత కూడా అక్కడే ఉంది. రాకెట్ అరువుది, తీరం అరువుది. ఇటలీ మెల్లగా యూరప్ ఉమ్మడి రాకెట్ ఏరియన్ వైపు, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ ప్రయోగ కేంద్రం వైపు జరిగింది. కౌరూ కూడా భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల దూరంలోనే ఉంది. శాన్ మార్కో నుంచి చివరి ప్రయోగం 1988 మార్చి 25న జరిగింది. స్కౌట్ రాకెట్ చరిత్ర 1994లో ముగిసింది. ఆ వేదిక మీద నిలబెట్టడానికి ఇంకో రాకెట్ దొరకలేదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 2007 ఏప్రిల్ 23న ఇటలీ తన గామా కిరణాల ఉపగ్రహం ఎజైల్‌ను శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మీద పంపించుకుంది. కక్ష్య వంపు 2.5 డిగ్రీలు, శాన్ మార్కో ముంగిట్లోంచి వెళ్లే దారి లాంటిదే. 2021 డిసెంబర్ 9న నాసా, ఇటలీ కలిసి చేసిన ఎక్స్-రే ఉపగ్రహం ఐఎక్స్‌పీఈ ఫ్లోరిడా నుంచి వెళ్లింది. బరువు 330 కిలోలకు అటూ ఇటూ. దానికోసం టన్నుల కొద్దీ మోయగల ఫాల్కన్-9 రాకెట్‌ను వాడారు. ఆ అదనపు బలమంతా 28.5 డిగ్రీల వంపును సున్నాకు దగ్గరగా తేవడానికే. 1970లో స్కౌట్ లాంటి బుల్లి రాకెట్‌తో సరిపోయిన పని అది!

కెన్యా తన తొలి భూపరిశీలన ఉపగ్రహం తైఫా-1ను 2023 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా నుంచి పంపించింది. ధ్రువాల మీదుగా తిరిగే ఆ కక్ష్యకు భూమధ్యరేఖ వల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి, దాన్ని ఆక్షేపించలేం. అయినా ఆ తీరాన్ని వదిలేసిన చోటుగా చూడొద్దని కెన్యా నాయకులకు, ఇటలీకి కూడా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. తర్వాతి ఒప్పందం ఏదైనా స్థలం అద్దెతో ఆగకూడదు. రాకెట్ నిలబెట్టేవాళ్లలో, కౌంట్‌డౌన్ నడిపేవాళ్లలో, డేటా చదివే శాస్త్రవేత్తల్లో కెన్యా యువత ఉండాలి. ఆ మాట మొదటి పేజీలోనే రాయించుకోవాలి.

పనికొచ్చే చోటు అనడానికి రుజువు ఒడ్డు మీదే ఉంది. వేదికలు తుప్పు పడుతున్నా మాలింది దగ్గరి గ్రౌండ్ స్టేషన్ ఆగలేదు. నాసా అంతరిక్ష టెలిస్కోపులైన స్విఫ్ట్ (2004లో వెళ్లింది) నుంచి, న్యూస్టార్ (2012లో వెళ్లింది) నుంచి సంకేతాలు అందుకున్నది అదే. ఫ్లోరిడా నుంచి వెళ్లిన ఐఎక్స్‌పీఈ కూడా భూమధ్యరేఖ మీదుగా తిరుగుతూ, తను చూసినదాన్ని దింపింది ఈ మాలింది యాంటెన్నాలకే.