డిమాండ్ గారికి ఒక శివారు రైతు విన్నపం

మహారాజరాజశ్రీ ఇంగ్లీషు క్రియ డిమాండ్ గారి దివ్య సముఖమునకు,

కోనసీమలో కాలువ శివారున ఎకరంన్నర చేను చేసుకుంటున్న విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆచారమే గానీ, మొన్న మంగళవారం మధ్యాహ్నం తర్వాత నా కుశలం గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. తమరు మాత్రం మా వీధి గుమ్మంలోకి వచ్చిన కాగితం మీద నల్లటి పెద్ద అక్షరాలలో క్షేమంగా వెలిగిపోతున్నారు. ఆ కాగితం సంగతికి తర్వాత వస్తాను.

చేలకు నీళ్ళు తెచ్చే పిల్లకాలువ, మా బోదె నిండా గుర్రపుడెక్క పట్టేసింది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీటి వంతు వచ్చిన రోజున కూడా తూము దగ్గర నీళ్ళు గుడగుడలాడి ఆగిపోతున్నాయి తప్ప చేలోకి ఎక్కడం లేదు. కాలువ మీద నీళ్ళు చూసుకునే లస్కరుకు చెప్పుకుంటే, "తెలుగులో రాస్తే ఎవరూ చూడరు మాస్టారూ, ఇంగ్లీషులో గట్టిగా రాయండి" అని సలహా ఇచ్చాడు. గట్టిగా అన్నాడు గనుక తమరిని పిలిచాను. పెద్దవారిని ఒంటరిగా పిలవకూడదని ముందు 'కైండ్లీ' అని ఒక ఆసనం కూడా వేశాను. "ఐ కైండ్లీ డిమాండ్ యూ టు క్లియర్ ద ఛానల్" అని రాసి, కింద పొడుగాటి సంతకం పెట్టి, ఉతికిన పంచె కట్టుకొని బస్సెక్కాను.

కాలువల ఆఫీసులో కుర్చీలో ఉన్నాయన మొదటి వాక్యంలో తమరి దాకా చదివి ఆగిపోయాడు. ఎర్ర పెన్ను తీసి తమరి కింద రెండు గీతలు గీశాడు. బోదె అన్న మాట దాకా ఆయన చూపు రానే లేదు. "మీరెవరండీ మమ్మల్ని డిమాండ్ చేయడానికి? రిక్వెస్ట్ అని మార్చి తెండి" అన్నాడు. ఎదురుగా ఉన్న డీటీపీ షాపువాడు భోజనానికి వెళ్ళాడు. అతను తిరిగి వచ్చి, కరెంటు కూడా వచ్చి, నా కాగితంలో తమరు దిగిపోయి రిక్వెస్ట్ గారు ఎక్కేసరికి నాలుగైంది. అప్పటికి కుర్చీ ఖాళీ. సార్ ఫీల్డుకు వెళ్ళారట. ఏ ఫీల్డుకో తెలియదు గానీ మా చేలోకి మాత్రం రాలేదు.

రాత్రి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్న మనవరాలికి ఆ కాగితం చూపిస్తే అది పడీపడీ నవ్వింది. "తాతయ్యా, ఆస్క్ తర్వాత మనిషిని పెట్టి ఫలానా పని చేయమనవచ్చు గానీ డిమాండ్ తర్వాత మనిషిని పెట్టకూడదు, డిమాండ్ దట్ ద ఛానల్ బి క్లియర్డ్ అనాలి. అక్కడ ఈజ్ అని రాసినా పరీక్షలో మార్కు పోతుంది" అంది. నామవాచకమైతే పక్కన 'ఫర్' ఉండాలట, క్రియ అయితే అది కూడా తగదట. అంటే, తమరి పక్కనే ఎదుటి మనిషిని నిలబెట్టడానికి వ్యాకరణమే ఒప్పుకోదన్నమాట. బోదె తీయబడవలెను. ఎవరిచేత? ఆ ప్రశ్నకు మనవరాలి వాక్యంలో జవాబే లేదు. ఈ కర్మణి ప్రయోగం ఆ ఆఫీసులోనే పుట్టి ఉంటుందని నాకు గట్టి అనుమానం. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర పైవారికి రాసిన కాగితాలలో ఏ క్రియ వాడాడో గానీ, అక్కడ నీళ్ళు కదిలాయి.

తమరు పుట్టుకతో ఇంత బిర్రబిగిసినవారేమీ కారు. గౌతమికి అవతల ఒడ్డున యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండేది. అక్కడి బడిలో ఫ్రెంచి చదువుకున్న మా పెదనాన్నగారి స్నేహితుడు, ఆ భాషలో 'దెమాందే' అంటే ఉత్త అడగడమేననీ, దారి అడిగినా టైము అడిగినా అదే మాటనీ, గద్దించి కావాలనాలంటే 'ఎగ్జిజే' అనే వేరే క్రియ ఉందనీ మా చిన్నప్పుడు చెబుతుండేవారు. ఏటికి ఆ ఒడ్డున చేతులు కట్టుకొని నిలబడ్డ తమరు ఈ ఒడ్డుకు రాగానే మీసం మెలేశారన్నమాట. తమరి మూలపురుషుడైన లాటిన్ క్రియకు అర్థం అప్పగించడం. 14వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు కూడా తమరి పని అడగడమే. కోర్టుల్లో హక్కుగా అడిగేవారి నోట పడ్డాకే ఈ గీర వచ్చింది.

తెలుగులో తమరి బతుకు మరీ చులకన. జిల్లా పేజీలో రోజూ ఎవరో ఒకరు "డిమాండ్ చేశారు", మర్నాటికి ఆ పేజీ బజ్జీల పొట్లం. 2011 సార్వాకు, అంటే తొలి పంటకు, ఈ కోనసీమ రైతులే పంట విరామం ప్రకటించినప్పుడు రైతు నోట క్రియగానూ, ధాన్యం బేరగాడి నోట "డిమాండ్ లేదండీ" అనే నామవాచకంగానూ తమరు ఒకేసారి రెండు వేషాలు కట్టారు. తమరి పేరు పెట్టుకున్న డ్రాఫ్టు తీయడానికి ఒకప్పుడు నేను బ్యాంకు కిటికీ దగ్గర గుమాస్తాను బతిమాలుకున్నాను. అవన్నీ క్షమించాను.

ఈ కాగితాన్ని మాత్రం క్షమించలేను. మంగళవారం చీకటిపడ్డాక ఇల్లు చేరేసరికి తలుపు గొళ్ళెంలో దోపి ఉంది: నీటి తీరువా, డిమాండ్ నోటీసు. ముందు కైండ్లీ లేదు, ఎర్ర గీతలు లేవు, మీరెవరండీ అని అడిగినవారు లేరు. రెవెన్యూ లెక్కల్లో డిమాండు, వసూలు, బాకీ అని మూడు గడులు గీసి, మొదటి గడిలో నిన్ను తరతరాలుగా కూర్చోబెట్టారు. చేలోకి ఎక్కని నీటికి డబ్బు కట్టమనడానికి నువ్వు వాళ్ళకు పనికొస్తావు, అదే నీరు ఎక్కించమనడానికి నాకు పనికిరావు. నా కాగితంలో పొగరువి, వాళ్ళ కాగితంలో పద్ధతివి. ఒక్క పూటలో, ఒక్క బోదె మీద, రెండు నాలుకలతో మాట్లాడావు కదా, సిగ్గు లేదుటయ్యా నీకు?

తీరువా నిన్ననే కట్టేశాను, రసీదు కూడా ఉంది. ఈ ఉదయం చూస్తే గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూసి బోదె పొడుగునా పందిరి వేసినట్టుంది. సోమవారం మళ్ళీ బస్సెక్కుతున్నాను. ఈసారి తెలుగులోనే రాసుకున్నాను: "అయ్యా, మా బోదెలో గుర్రపుడెక్క తీయించండి." ఆ చివరి 'అండి' విన్నపమో ఆజ్ఞో ఎర్ర పెన్ను ఆయనే తేల్చుకోవాలి. వెంట రసీదు కూడా తీసుకువెళుతున్నాను.

ఇట్లు,
తమరి మాజీ విధేయుడు