సవరణ: బర్నౌట్, గోప్యత గురించి రెండు మాటలు

కౌన్సెలర్ల మానసిక ఆరోగ్యం మీద పెట్టిన పోస్టులో రెండు వాక్యాలు మారాయి.

'బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది' అన్నది తీసేశాం. బర్నౌట్ అంటే తగ్గని పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ఆ సంస్థ తయారుచేసిన జబ్బుల వర్గీకరణ) దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగానే పేర్కొంది. ఇంటి గొడవలతో అలసిపోతే ఆ పేరు వర్తించదు.

రెండోది కాస్త చిక్కైనది. 'క్లయింట్ చెప్పింది కౌన్సెలర్ ఎవరికీ చెప్పకూడదు' అని రాశాం. కొందరు దీన్ని సూపర్‌విజన్‌కూ, అంటే సీనియర్ కౌన్సెలర్‌తో తమ కేసుల గురించి మాట్లాడి సలహా తీసుకోవడానికీ వర్తింపజేసుకుని, అన్నీ కడుపులోనే దాచుకుంటున్నారు. చచ్చిపోవాలనుందన్న కుర్రాడి మాటలు రాత్రి కంచం ముందు కూర్చున్నా చెవిలో మోగుతుంటే, వెళ్లాల్సింది సీనియర్ దగ్గరికే. పేరు, కాలేజీ, ఊరు చెప్పక్కర్లేదు. "ఇంటర్ అబ్బాయి, మూడో సెషన్, తర్వాత ఏం అడగాలో తోచలేదు" అంటే చాలు. అదే సంగతి స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ చెబితే మాత్రం, పేరు ఎత్తకపోయినా తప్పే. ఇది మన దగ్గర మామూలైపోయింది కూడా.

సూపర్‌విజన్ ఉంటుందని, ప్రాణాపాయం ఉంటే గోప్యతకు మినహాయింపు ఉందని మొదటి సెషన్‌లోనే క్లయింట్‌కు చెప్పాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ ఆ మినహాయింపు ఉంది. చెప్పకపోతే, "నా విషయం ఎవరితో మాట్లాడతారండీ?" అని క్లయింటే మొహమాటపడకుండా అడగొచ్చు.

ఆ పోస్టులో ఇచ్చిన టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416లో మార్పు లేదు. 24 గంటలూ ఉచితం, కౌన్సెలర్లూ చేయొచ్చు.