రసాయన ఆయుధాల గుట్టు ఎంతకాలం దాగుతుంది?

2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతా మండలిలో కొన్ని ఉపగ్రహ చిత్రాలు చూపించారు. ఇరాక్‌లోని తాజీలో బంకర్లు, పక్కన ఒక ట్రక్కు. విషం లీకైతే శుభ్రం చేసే వాహనం అదేనని, కాబట్టి లోపల రసాయన ఆయుధాలు ఉన్నాయని ఆయన వాదన. మొత్తం 100 నుంచి 500 టన్నుల నిల్వ ఉందన్నారు. యుద్ధం తర్వాత దేశమంతా గాలించినా ఆ నిల్వ దొరకలేదు.

ఈ విషాన్ని దాస్తే ఆనవాళ్లు మిగులుతాయన్న మాట మాత్రం నిజమే. పాతిపెట్టి మరిచిపోయే సరుకు కాదిది. షెల్స్ తుప్పు పడతాయి, కారతాయి. తర్ఫీదు పొందిన సిబ్బంది నిత్యం కనిపెట్టుకుని ఉండాలి. అమెరికా అంతటి దేశానికే వీటిని గుట్టుగా దాచడం సాధ్యపడలేదు. 1969లో జపాన్‌లోని ఒకినావా అమెరికా స్థావరంలో నరాలను దెబ్బతీసే విషం సరిన్ లీకై 20 మందికి పైగా దాని బారిన పడ్డారు. అక్కడ అలాంటి ఆయుధాలున్నాయని జపాన్ ప్రజలకు తెలిసింది ఆ ప్రమాదం వల్లే. 1971లో వాటిని అక్కడి నుంచి తరలించక తప్పలేదు.

సద్దాం కాలపు సరిన్ సరిగా శుద్ధి కానిది, త్వరగా పాడైపోయేది. 1991 తర్వాత ఐరాస బృందాలు ఇరాక్‌లో 690 టన్నుల విష రసాయనాలను ధ్వంసం చేశాయి. మళ్లీ వందల టన్నులు పోగవ్వాలంటే ఫ్యాక్టరీ, ముడి సరుకు, మనుషులు అన్నీ కొత్తగా కావాలి. యుద్ధానికి ముందు ఐరాస తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ బృందం నాలుగు నెలల్లోపే 700కు పైగా తనిఖీలు చేసినా అలాంటి జాడేదీ కనిపించలేదు. ఇంకొన్ని నెలలు కావాలని ఆయన చెప్పినా వినకుండా యుద్ధానికి దిగడం క్షమించరాని పని.

తనిఖీలే లేకపోతే కథ వేరు. మన దేశమే 1992లో రసాయన ఆయుధాలు లేవని పాకిస్తాన్‌తో కలిసి ప్రకటించి, 1997లో చర్మాన్ని బొబ్బలెక్కించే మస్టర్డ్ అనే విష రసాయనం 1,044 టన్నులు ఉందని బయటపెట్టింది. 2009కల్లా మొత్తం ధ్వంసం చేసింది, అది మెచ్చుకోవాల్సిందే.

నాకు టెన్షన్ అంతా చిన్న నిల్వల గురించే. 2013లో డమాస్కస్ శివార్లలోని గూటాపై జరిగిన సరిన్ దాడి తర్వాత సిరియా దాదాపు 1,300 టన్నులు ప్రకటించింది, 2014లో వాటిని లటాకియా రేవు నుంచి ఓడల్లో తరలించారు. అయినా 2017లో అక్కడి ఖాన్ షేఖూన్ పట్టణంపై సరిన్ పడింది, పసిపిల్లలు కూడా చనిపోయారు. ఒక ఊరిని చంపడానికి గోదాములు నిండాల్సిన పని లేదు. 2024 డిసెంబర్‌లో సిరియా అధ్యక్షుడు అసద్ పాలన కూలాక అంతర్జాతీయ ఇన్‌స్పెక్టర్లకు అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. సిరియా రసాయన ఆయుధాల కార్యక్రమంలో పనిచేసినవాళ్ల వాంగ్మూలాలు, మిగిలిన కాగితాలు చెదిరిపోకముందే సేకరించాలి. దానికి కావాల్సిన డబ్బు, రక్షణ ప్రపంచ దేశాలు ఇప్పుడే ఇవ్వాలి.