అష్టోత్తర శత పనిముట్లు

మా మేనబావ కొన్న కారుకంటే ముందు, ఆ కారును బాగుచేసే పనిముట్ల పెట్టె విజయనగరం చేరుకుంది. కారు 1965 నాటి ఎంజీబీ. రెండే సీట్లు, గుడ్డ టాపు, తీగచక్రాలు ఉన్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. అది కలకత్తాలో లారీ ఎక్కి తన వయసుకు తగిన నిదానంతో వస్తూ ఉండగా, పెట్టె మాత్రం కొరియర్‌లో రెండు రోజులకే దిగింది. బావ హాలు మధ్యలో పీట వేసి, పీట మీద కొత్త తువ్వాలు పరిచి, ఇంటిల్లిపాదినీ పిలిచి మరీ దానిని తెరిచాడు. నల్లటి స్పాంజి గూళ్లలో, గూటికి ఒకటి చొప్పున, తళతళలాడుతూ సరిగ్గా 108 పనిముట్లు ఉన్నాయి. ఆ అంకె వినగానే చెప్పులు విడిచి నిలబడడం నాకు చిన్ననాటి అలవాటు. ఓం రింగు స్పానరాయ నమః, ఓం అలెన్ కీయై నమః అని చదువుతూ మా అత్తయ్య చేత కుంకుమ వేయిస్తే ఆ పెట్టె జన్మ అక్కడితోనే ధన్యమయ్యేది. అంతకు మించిన ప్రయోజనం దానివల్ల నెరవేరే అవకాశం ఎలాగూ లేదు.

ఆ స్పానర్లకూ కారు బోల్టులకూ తేడా పెద్దదేమీ కాదు, అంగుళంలో సుమారు వందో వంతు. మన సంతల్లో వీశె, మణుగు పోయి కిలో వచ్చిన కాలంలోనే ఈ కారూ పుట్టింది గానీ, దానిని పుట్టించిన దొరలు మాత్రం అంగుళాలను వదలలేదు. అందులో తరచూ విప్పవలసిన బోల్టుల తలలు 7/16, 1/2, 9/16 అంగుళాల వెడల్పున ఉంటాయి. మిల్లీమీటర్లలో లెక్కిస్తే 11.11, 12.7, 14.29. బావ పెట్టెలోవన్నీ మిల్లీమీటర్ల స్పానర్లు. వాటిలో 11వ నంబరు మొదటి బోల్టు మీద బిగుసుకుపోతుంది, లేదా అసలు ఎక్కదు. 14వ నంబరు మూడోదాని ముఖమైనా చూడదు. ఈ రెండూ మర్యాదస్తులు. తమ వల్ల కాదని ముందే చెప్పేస్తాయి. 13వ నంబరు అలాంటిది కాదు. అది 12.7 బోల్టు మీద చక్కగా కూర్చుంటుంది, తిప్పితే తిరుగుతున్నట్టే ఉంటుంది, అరవై ఏళ్ల తుప్పు మీద కాస్త బలం పెట్టేసరికి కిర్రున జారి, ఆరు మూలల తలను గోళీకాయలా గుండ్రంగా చెక్కి పక్కకు తప్పుకుంటుంది. సంబంధం కుదిర్చి పెళ్లినాటికి కనిపించకుండా పోయే మధ్యవర్తులను చూసినవారికి ఈ స్పానర్ గురించి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

పెట్టె తరువాత తోలు చుట్ట వచ్చింది. భీమాలి మామిడి తాండ్ర రంగులో, తాండ్రలాగే చుట్టి ఇత్తడి బకిలు బిగించిన ఆ చుట్ట మీద బావ పొడి అక్షరాలు అచ్చొత్తి ఉన్నాయి. దాని వెల ఎనిమిది వేలు. అందులో స్పానర్లు పెట్టుకునే జేబులు ఉన్నాయి గానీ, పెడితే నూనె మరకలు పడతాయని బావ పెట్టలేదు. ఆ వెనుకే వేలి కణుపుల దగ్గర కన్నాలున్న తోలు తొడుగులు, గళ్ల టోపీ, ఎనామెల్ బిళ్ల, ఆ బిళ్లను తుడవడానికి ప్రత్యేకమైన గుడ్డ వచ్చాయి. పాత స్పోర్ట్స్ కారును మొదటిసారి కొన్నవాడికి ఇవన్నీ అత్యవసరమని చెప్పిన మహానుభావుడెవరో గానీ, అతడు పుట్టి బుద్ధెరిగాక ఏ కారు కిందా వెల్లకిలా పడుకోలేదని ప్రమాణం చేసి చెప్పగలను. ఇలాంటి బావ మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు; కారు దొరక్కపోతే కెమెరా మీద పడి ఉంటాడు.

రిజిస్ట్రేషన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్తగా నమోదుకు ఇరవై వేల రుసుము పడుతుంది, బండిని రోజువారీ అవసరాలకు రోడ్డు మీద తిప్పకూడదు. ఇది వ్యక్తి స్వేచ్ఛకు భంగమని బావ మండిపడ్డాడు. కారు మాత్రం ఆ నిబంధనను మొదటి రోజు నుంచీ తుచ తప్పకుండా పాటిస్తోంది.

వాహన పూజకు బావ మంగళవారం ఎంచుకున్నాడు. మంగళవారం నాడు మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి ముందు ఎంత జనం ఉంటారో ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు. కారును ఇంటి దగ్గర నలుగురం తోసి స్టార్ట్ చేసిన సంగతి అక్కడ ఎవరికీ తెలియదు కనుక, గుడి ముందు దానికి దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. పూజారిగారు బానెట్ మీద పసుపు కుంకుమలు దిద్ది, స్టీరింగుకు దారం కట్టి, దండ వేసి, హారతి ఇచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ముందుకు పోనివ్వమన్నారు. బావ టోపీ సర్దుకుని, తొడుగులు తొడుక్కుని, అమ్మవారికి ఆ తొడుగులతోనే దండం పెట్టి తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. నిమ్మకాయలు పచ్చగా, నిండుగా, ఏ బెంగా లేకుండా అలాగే ఉన్నాయి. ఏటా దసరా వెళ్లిన మంగళవారం ఇదే చోటి నుంచి అంతెత్తు చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టుకుని సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. బావ కారుకు నిమ్మకాయ మందం దాటడం కూడా గండమైంది.

వెనుక వరుసలో దండలు వేసుకున్న కొత్త ఆటో, దాని వెనుక ట్రాక్టరు, దాని వెనుక స్కూటీతో పెళ్లికూతురిలా ముస్తాబైన ఒక అమ్మాయి నిలబడి ఉన్నారు. బ్యాటరీ పోయిందని ఆటో ఆయన తీర్మానించాడు. సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతూ ఉండగా బ్యాటరీ ఎలా పోతుందని అడిగే ధైర్యం అంతమందిలో ఎవరికీ లేదు. బానెట్ ఎత్తారు. అక్కడ బ్యాటరీ లేదు. ఒక్క క్షణం గుడి గంట కూడా ఆగినట్టనిపించింది. కలకత్తాలోనే కాజేసి ఉంటారని కొబ్బరికాయల కొట్టాయన అన్నాడు. దారిలో లారీవాళ్ల పనేనని ట్రాక్టరు ఆయన అన్నాడు. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అసలు విషయం ఏమిటంటే, ఆ కాలపు ఎంజీబీలకు ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనుక నేల మూత కింద ఉంటాయి. మూత మరలను తిప్పడానికి వెడల్పాటి రేకు లాంటిది ఏదైనా చాలు. అష్టోత్తరాన్ని తెరిచి అందరూ ఒక్కొక్క నామాన్నీ పరీక్షిస్తూ ఉండగా పూజారిగారు విసిగిపోయి, హారతి పళ్లెంలోంచి రెండు రూపాయల బిళ్ల తీసి ఇచ్చారు. మూత లేచి జంట బ్యాటరీలు కనిపించేసరికి జనంలో కవలలు పుట్టినంత సంబరం కలిగింది.

ఇంతలో పరోపకారి ఒకడు తన జీపును పక్కన ఆపి, ఎర్ర వైరూ నల్ల వైరూ పట్టుకుని దూకాడు. మైనస్సుదైన నల్ల క్లిప్పును బాడీకి తగిలించడమే అతడికి తెలిసిన విద్య. 1967 దాకా వచ్చిన ఎంజీబీలలో బాడీకి కలిసి ఉండేది ప్లస్సు. అక్కడ నల్ల క్లిప్పు పెట్టి ఉంటే, అమ్మవారి గుడి ముందు ఆ రోజు దీపావళి జరిగి ఉండేది.

"ఆగండి బావూ!" అన్న కేక వినిపించింది. దర్శనానికి వచ్చి, కొబ్బరికాయ చేత్తో పట్టుకుని వరుసలో నిలబడిన పెద్దాయన అడ్డొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. అయ్యకోనేరు గట్టు వైపు ఆయనకొక అంబాసిడర్ షెడ్డు ఉండేది, అంబాసిడర్లు పోయినా షెడ్డు మిగిలింది. ఆయన మొదట అందరినీ నోరు మూసుకోమన్నాడు. మంగళవారం నాడు, మూడు లాంతర్ల దగ్గర! అయినా మూసుకున్నారు. తాళం ఒక్క మెట్టు తిప్పమని, కుడి వెనుక చక్రం దగ్గర గొంతుకు కూర్చుని, నాడి చూసే వైద్యుడిలా చెవి ఒగ్గి విన్నాడు. "టిక్కు టిక్కు అనడం లేదేటి," అన్నాడు. ఆ కారుకు పెట్రోలు తోడేది కరెంటుతో నడిచే ఎస్‌యూ పంపు. బాగున్నప్పుడు తాళం తిప్పగానే టికటికమని కొట్టుకుని, కార్బరేటర్లు నిండగానే ఊరుకుంటుంది. లోపలి పాయింట్లు మాడి అతుక్కుంటే చప్పుడే చేయదు. చిన్నతనంలో మోరిస్ మైనర్ల మీద పని నేర్చుకున్నవాడు కనుక ఆయనకు ఆ పంపు పాత చుట్టం. పెట్టెలో అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది ఏదైతే అది ఇమ్మన్నాడు. బావ వణికే చేతులతో ఎక్స్‌టెన్షన్ రాడ్డు అందించాడు. పెద్దాయన దానిని కింది నుంచి దూర్చి పంపు మీద రెండుసార్లు మెల్లగా తట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. ఇంజను గర్జించింది, నాలుగు నిమ్మకాయలూ ఒక్కసారే పగిలాయి, స్కూటీ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"చూశావా, పెట్టె ఎలా పనికొచ్చిందో!" అన్నాడు బావ నాతో. అని, పెద్దాయన చేతిలో అర కొబ్బరి చెక్క ప్రసాదం పెట్టాడు. అదే రుసుము.

మరునాడు షెడ్డుకు వెళ్లి చూస్తే పెద్దాయన సామానంతా యూరియా సంచిలో ఉంది: ఏఎఫ్ స్పానర్లు, అంటే అంగుళాల కొలతవి, అరడజను, కటింగ్ ప్లేయర్, రెండు స్క్రూడ్రైవర్లు, పాత బల్బుకు రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్ట్ లైటు, కాస్త జీరో పేపరు, బనియన్ వేస్టు, తీగచక్రాల చెవులను కొట్టడానికి రాగి సుత్తి. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ మాత్రం చొక్కా జేబులో ఉంటుంది. ఇంజనుకు నిప్పురవ్వలు పంచే డెల్కోలో పాయింట్ల మధ్య ఉండవలసిన సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే 0.38 మిల్లీమీటరు. పాయింటు మడమ అరిగేకొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు కారు నడిరోడ్డు మీద ఆగుతుంది. ఆ ఇంజను ఆయనకు కొత్త కాదు. మన అంబాసిడర్‌లో చాలాకాలం నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒకే వంశంవి, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బి-సిరీస్. ఒకటి కలెక్టరుగారిని మోసింది, రెండోది టోపీలను మోసింది.

డిక్కీలో ఏమి పెట్టుకోవాలో ఆయన పెళ్లి శుభలేఖ వెనుక నాతో రాయించాడు. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోస్ పైపులు, క్లిప్పులు, పాయింట్లు, రోటరు, కండెన్సర్. కొత్త కండెన్సర్ కొని డిక్కీలో దాచడం అమాయకత్వమట. కొత్తదాన్ని బండికి వేసి, నాలుగు రోజులు తిప్పి, అది నిలబడ్డాక, బాగా పనిచేస్తూ ఉండగా తీసిన పాతదాన్ని డిక్కీలో పెట్టుకోవాలి. ఫ్యూజుల దగ్గర ఆయన గొంతు పెంచాడు. ఆ కారు మొత్తానికి ఉన్నవి రెండే ఫ్యూజులు. వాటి మీద 35 అని ఉంటుంది గానీ, అది ఫ్యూజు కాలిపోయే లెక్క. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. అంకె చూసి మన కొట్లో, నిలకడగానే 35 మోసే కొత్తరకం తెచ్చి వేస్తే ఫ్యూజు బతికి వైర్లు కాలిపోతాయి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఎథనాల్ ఉంటుంది కనుక, దానిని తట్టుకునే కొత్త గొట్టం వేయించుకుని, మంటలార్పే సిలిండరు ఒకటి సీటు పక్కన పెట్టుకోమన్నాడు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు అది తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. బావ టైర్ల మీద 1104 అని ఉంది. 2004లో విజయనగరం ఇంకా మునిసిపాలిటీయే.

ఆ చీటీని బావ తోలు చుట్టలో భద్రపరిచాడు. అందులో చేరిన మొదటి వస్తువు అదే.

తరువాతి వారం సైలెన్సర్ క్లాంపు వదులైందని కారును మళ్లీ షెడ్డుకు తెచ్చాడు. నేను వెళ్లేసరికి వెనుక భాగం ఒక పక్క జాకీ మీద, రెండో పక్క రెండు సిమెంటు ఇటుకల మీద ఉంది. కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. చెప్పులు విడిచి పక్కన పొందికగా పెట్టి ఉన్నాయి. పదిహేడేళ్లు కూడా నిండని గుంటడు. బావ ఆ కాళ్లు పడేలా, పక్కన పెట్టె తెరిచి పెట్టి, ఫోటో తీస్తున్నాడు.

దీనికి నవ్వడం నా వల్ల కాలేదు. జాకీ అంటే ఎత్తేది, మోసేది కాదు. దాని సీలు కారితే మెల్లగా దిగుతుంది, కుదురు తప్పితే ఒక్కసారే ఒరుగుతుంది. సిమెంటు ఇటుక అంతకంటే దుర్మార్గమైనది. వంగదు, మూలగదు, చెప్పాపెట్టకుండా పగులుతుంది. ఆ పిల్లవాడి గుండెల మీద ఉన్నది తొమ్మిది వందల కిలోల పైచిలుకు ఇనుము. బండి డిక్కీలో అయిదు వేల రూపాయల తొడుగులు ఉన్నాయి, ఎనిమిది వేల రూపాయల తోలు ఉంది, బిళ్లను తుడిచే గుడ్డ ఉంది. కింద పడుకునే మనిషి బతకడానికి కావలసిన రెండు ఇనప స్టాండ్లు లేవు. ఎందుకు లేవు? కింద పడుకునేది నువ్వు కాదు కనుక లేవు! నీ వెన్ను నేలకు ఆనే పనైతే అవే మొదటి కొరియర్‌లో వచ్చి ఉండేవి. ఈ మాటలన్నీ బావను అక్కడే అన్నాను, వీధి వినేలా అన్నాను. ఇన్నేళ్లుగా గుంటడిని అలాగే పంపుతున్న పెద్దాయననూ అన్నాను. "అలవాటైపోనాది బావూ," అని ఆయన తల దించుకున్నాడు. ఎన్ని షెడ్లలో ఎన్నిసార్లు నా బండి కింద ఇలాగే ఎవరో ఉండగా స్టూలు మీద కూర్చుని టీ తాగానో గుర్తొచ్చి, నేనూ ఊరుకున్నాను.

గుంటడు బయటికి వచ్చాకే కారు దించారు. గంటస్తంభం దగ్గర కొట్టు తీసే ఉంది. బావ చేత మూడు టన్నులు మోసే స్టాండ్ల జత కొనిపించాను. తోలు చుట్టలో పావు వంతు వెల కూడా కాలేదు. ఒకటి కొద్దిగా సొట్ట పోయిందని బావ మార్చమన్నాడు. కొట్టాయన మార్చాడు.

అవి ఇప్పుడు షెడ్డులోనే ఉంటున్నాయి, ఎవరి బండి కిందికైనా అవే వెళుతున్నాయి. బావకు మాత్రం కొత్త బెంగ పట్టుకుంది. రెండు స్టాండ్లు కలిస్తే పనిముట్లు మొత్తం 110 అవుతున్నాయి, ఆ అంకెకు మహత్యం లేదు. అత్తయ్యను అడిగి, బాగా ఆలోచించి, లెక్క చెడకుండా పెట్టెలోంచి రెండు స్పానర్లు తీసి అటక మీద పెట్టాడు. తీసినవి 11, 14 నంబర్లు. 13వ నంబరు పెట్టెలోనే ఉంది.