వాల్యూమెట్రిక్ వెయిట్ గారికి ఒక విన్నపం

కొరియర్ పెట్టె ఎంత తూగిందని కాక, ఎంత చోటు పట్టిందని చూసి బరువు తేల్చే మహారాజశ్రీ వాల్యూమెట్రిక్ వెయిట్ గారి సముఖానికి,

గౌతమికీ వశిష్ఠకూ నడుమ, కొత్తపేటకు దగ్గరలో ఒక పెంకుటింటి వసారాలో కూర్చుని, మట్టితో నగలూ బొమ్మలూ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకొనే ఒంటరి వ్యాపారి నమస్కరించి రాసుకొను విన్నపం. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం ప్రతి కొరియర్ బిల్లులోనూ కళ్ళారా చూస్తూనే ఉన్నాను గనుక విడిగా అడగడం లేదు.

మా సంస్థలో మట్టి పిసికేవారు, ఫోటోలు తీసేవారు, "అక్కా, కొంచెం తగ్గించి చెప్పండి" అన్న సందేశాలకు అర్ధరాత్రి జవాబులిచ్చేవారు, అట్టపెట్టెలకు టేపు చుట్టేవారు, పద్దులు రాసేవారు అందరూ నేనే కాబట్టి సిబ్బంది మధ్య తగాదాలు లేవు. జీతాల గొడవ కూడా లేదు. ఎందుకంటే ఈ సంస్థలో నెల తిరిగేసరికి క్రమం తప్పకుండా జీతం పుచ్చుకొనేవారు తమరొక్కరే.

తమరి లెక్క చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ హెచ్చవేసి, సాధారణంగా 5000తో భాగిస్తే వచ్చేవి తమరి కిలోలు. కాటా మీద తూగిన బరువు, తమరు తేల్చిన బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. ఆ కిరాయి మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. ఇందులో న్యాయం బొత్తిగా లేదని నేను అనను. అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి పీచు మోపులు ఎత్తుకొని పోయే లారీని చూసినవాళ్ళకు, బండి మొయ్యలేక కాదు, చోటు చాలక నిండిపోతుందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. విమానాల్లో చోటు మరీ ప్రియం గనుక తమరికి అక్కడ గౌరవం ఎక్కువన్నదీ నిజమే. కాకపోతే అంతర్జాతీయ విమాన సరుకు లెక్కల్లో భాగించేది 6000తో. ఆ లెక్కన గాలిలో ఎగిరేటప్పుడు నాలుగున్నర కిలోలుండే నా పెట్టె, రావులపాలెంలో 16వ నంబరు జాతీయ రహదారి మీద వ్యాను ఎక్కేసరికి దాదాపు అయిదున్నర కిలోలకు ఒళ్ళు చేస్తోంది. మా గోదావరి జిల్లాల తిండి మహిమ కాబోలునని సరిపెట్టుకున్నాను.

ఘనపు కొలతలు తెలియని ప్రాంతం కాదు మాది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అనీ, 13 లక్షలు దాటితే రెండోదనీ, 17 లక్షలకు మూడోదనీ మా లంక గ్రామాల్లో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. ఒక్కటే తేడా: ఆ లెక్కలో నీళ్ళుంటాయి. తమరు నా దగ్గర కొలిచి వసూలు చేస్తున్నది గాలిని.

నా సరుకులో చిన్నవి బుట్టకమ్మలు. నానబెట్టి, వడగట్టి, వెన్నలా పిసికిన మట్టిని బొటనవేలి మీద టోపీలా ఒత్తి, అంచుకు గింజంత పూసలు అతికి, కొక్కెం పట్టే రంధ్రాన్ని కొబ్బరి ఈనెతో పొడుస్తాను. ఆ రంధ్రం కావలసిన దానికన్నా ఒక పిసరు పెద్దదిగా ఉండాలి. ఎండి, ఆవంలో కాలేసరికి మట్టి పదో వంతు దాకా కుంచించుకుపోతుంది. తడి ఆరకుండా కాలిస్తే లోపలి నీరు ఆవిరై బుట్ట పటుక్కున పగులుతుంది గనుక, వానాకాలంలో గోనెపట్టా కింద నీడన రోజుల తరబడి ఆరబెట్టాలి. ఇంతా చేస్తే జత బరువు పట్టుమని ఇరవై గ్రాములుండదు. దాని పెట్టె చిన్నది కాబట్టి తమరికి అక్కడ పని దొరకదు. అందుకని తమరి తమ్ముడు, కనీస స్లాబు గారు వేంచేసి, ఇరవై గ్రాములకు అర కిలో కిరాయి పుచ్చుకొని వెళతారు. అన్నదమ్ముల మధ్య ఇంత చక్కని పంపకం ఈమధ్య మా ఊళ్ళో చూడలేదు.

బొమ్మల దగ్గరికి వచ్చేసరికి తమరే స్వయంగా దయచేస్తారు. కిలో బరువుండే మట్టి బొమ్మను పొడవు, వెడల్పు, ఎత్తు ఇరవయ్యేసి సెంటీమీటర్లుండే పెట్టెలో పెడితే తమరి లెక్కలో ఒక కిలో ఆరువందల గ్రాములు. కానీ కాల్చిన మట్టి పెళుసు. ఒక్క పెట్టెలో పంపితే దారిలో ఎవరో విసిరినప్పుడు ముక్కలవుతుంది, ముక్కలైతే "ప్యాకింగ్ సరిగా లేదు" అని నష్టపరిహారం నిరాకరిస్తారు. అందుచేత ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి, చుట్టూ అయిదేసి సెంటీమీటర్లు కాగితపు చుట్టలు కూరుతాను. ఇప్పుడు పెట్టె ముప్పై సెంటీమీటర్లు, బరువు 5.4 కిలోలు, అర కిలోల మెట్టు ప్రకారం బిల్లు అయిదున్నరకు. బొమ్మను కాపాడుకోవడానికి పెట్టిన గాలికి బొమ్మకన్నా ఎక్కువ కిరాయి కట్టే భాగ్యం నాకు కలిగింది.

అక్కడితో ఆగితే తమరు తమరెందుకవుతారు? కాగితం బాగా కూరిన పెట్టె పొట్ట కాస్త ఉబ్బుతుంది. గోదాములో తమరి కెమెరా యంత్రం ఆ ఉబ్బును పట్టుకొని ముప్పైని ముప్పై ఒకటిగా రాసుకుంటుంది. మూడు వైపులా ఒక్కొక్క సెంటీమీటరు పెరిగితే 5.958 కిలోలు, అంటే బిల్లు ఆరుకు. తేడా సొమ్ము నా ఖాతాలోంచి చెప్పాపెట్టకుండా పోతుంది. టేపు పట్టి ఫోటోలు తీసి ఫిర్యాదు పెట్టుకోవచ్చట. పెట్టె అప్పటికి ఏ ఊళ్ళో ఉందో తెలియనప్పుడు టేపు దేనికి పట్టాలో తమరే సెలవియ్యాలి. పార్శిల్ పట్టుకెళ్ళే కుర్రాణ్ణి అడిగితే, "ఆయ్, మిషను కొలిసిందండి, మన సేతిలో ఏం లేదండి" అన్నాడు. అతని చేతిలో నిజంగానే ఏమీ లేదు, పెట్టె తప్ప.

ఇక క్యాష్ ఆన్ డెలివరీ సంగతి. ఆర్డరు పెట్టినవారు తీరా పెట్టె గుమ్మంలోకి వచ్చాక "ఇప్పుడు వద్దు" అంటే, అది మళ్ళీ నా దగ్గరికే రావాలి, రాకపోక కిరాయి రెండూ నావే. ఆ విధంగా మా వసారా గాలి కొంత ఢిల్లీ వెళ్ళి, అక్కడ దిగకుండానే తిరిగి వచ్చింది. నేను ఇంతవరకు ఢిల్లీ చూడలేదు.

డబ్బు బాధ అలా ఉంచి, అసలు మనవి చేసుకోదలచినది ఇది. ఈమధ్య నా బొమ్మలు మారిపోతున్నాయి. రెండు చేతులూ చాచిన నర్తకికి పెట్టె వెడల్పు నలభై అయిదు కావాలి, 5.4 కిలోలు కాస్తా 8.1 అవుతాయి. చాచిన చేతుల అసలు బరువు వంద గ్రాములుండదు, తమరి లెక్కలో సుమారు మూడు కిలోలు. కాబట్టి నర్తకి ఇప్పుడు చేతులు గుండెకు అదుముకొని, చలి పెట్టినట్టు నిలబడుతోంది. కృష్ణుడి మోచేయి పక్కకు పొడుచుకు రాకూడదు గనుక వేణువును నిలువుగా పట్టించాను. సన్నాయి వాయిస్తున్నాడేమిటని ఒకరు అడిగారు. నెమలి పింఛం ముడిచింది. వల విసిరే జాలరి వల విసరడం మానేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకొని అల్లుకుంటున్నాడు. మా కొత్తపేట శిల్పశాలల్లో పోతపోసే నాయకుల కంచు విగ్రహాలు మాత్రం చెయ్యెత్తి, వేలు చూపించి, లారీల మీద దర్జాగా కూడళ్ళకు వెళుతున్నాయి. వాటి జోలికి తమరు పోరు.

అంటే నా వసారాలో శిల్పి నేను కాను, తమరు. అందుకు నాకు అభ్యంతరం లేదు గానీ, శిల్పి అన్నాక కొన్ని బాధ్యతలుంటాయి. మట్టి పిసకడానికి ఉదయం ఆరింటికి రావాలి. ఆవం దగ్గర పొగ కళ్ళలో పడితే ఓర్చుకోవాలి. పీఠం అడుగున సంతకం పెట్టాలి. "చేతులు ఎందుకండీ అలా ముడుచుకుంది?" అని కొన్నవాళ్ళు అడిగితే జవాబు తమరే చెప్పాలి; నేనైతే "అది ఒక శైలి అండి" అని చెప్పి గట్టెక్కుతున్నాను, ఎన్నాళ్ళు నమ్ముతారో తెలియదు.

ప్రస్తుతం తక్షణం తేల్చవలసిన వ్యవహారం ఒకటుంది. హైదరాబాదులో ఒకావిడ సంక్రాంతికని గంగిరెద్దు అడిగారు: మూపురం, గంటల పట్టెడ, మెడ పైకెత్తి తల ఊపుతున్నట్టు ఉండాలన్నారు. కిరాయి చెప్పగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, పడుకున్న ఎద్దయినా పరవాలేదన్నారు. కాళ్ళు కిందికి మడిచేశాను, తల వంచేశాను, తోకను ఒంటికి చుట్టేశాను. కొమ్ములొక్కటే ఇంకా పెట్టలేదు, మట్టి తడి ఆరకముందే తమరి ఉత్తరువు కోసం ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
తమరి సహాయ శిల్పి