రింగుల బేరం

మా తాతగారి వేట కథలు వింటూ పెరిగిన నాకు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని మిగిలిన వేటల్లా కొబ్బరిచిప్పల వేటే. అమలాపురం దగ్గర మా తోటలో, గడ్డిమేటు ముందు చిప్పలు నిలబెట్టి, 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తో కొట్టడం నా ఆదివారపు వ్యాయామం. గురి తప్పుతున్నది నా కన్ను వల్ల కాదు, స్కోపు (గురి చూసే దుర్భిణి) లేకపోవడం వల్లనేనని నాకు నేనే తీర్పు చెప్పుకొని, మంచి స్కోపు ఒకటి కొన్నాను. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్లు, దానిని తుపాకీకి పట్టి ఉంచే రింగులను మాత్రం చవకగా దొరికినచోట తెప్పించాను.

పార్సిలు కుర్రవాడు గుమ్మంలో నిలబడి "రింగులండీ!" అన్నాడు. మా ఆవిడ చేతిలోని పప్పుగుత్తి అక్కడే వదిలి, తడి చెయ్యి పమిటకు తుడుచుకుంటూ వచ్చి, నాకంటె ముందే అట్టపెట్టె విప్పింది. లోపల నల్లటి అల్యూమినియం రింగులు రెండు, గుప్పెడు మరలు. "ఇవి నా చెవులకు కాదు గానండీ, దొడ్డి తలుపు గడియకు సరిపోతాయి" అని పెట్టె నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

గడియకైనా సరిపోయేవేమో గాని, నాకు సరిపోలేదు. స్కోపు గొట్టం 25.4 మిల్లీమీటర్లు, రింగు 30. రింగు అడుగున పట్టు పికటిన్నీ అనే, అడ్డగాళ్ళున్న వెడల్పాటి పట్టాకు చేసినది, నా తుపాకీ మీద ఉన్నదేమో డవ్‌టెయిల్ అనే, వాలు అంచుల సన్నని 11 మిల్లీమీటర్ల గాడి. అటు పెళ్ళికూతురికీ ఇటు పెళ్ళికొడుక్కీ కుదరని సంబంధమన్నమాట. సైకిలు షాపు మేస్త్రి మాత్రం "ఆయ్, ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టేస్తే కదలమన్నా కదలదండీ" అని ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం నాకు చాలలేదు.

రెండో జతకు కొలతలన్నీ సరిచూసుకొన్నాను గాని, ఎత్తు దగ్గర దర్జాకు పోయి అన్నిటికన్న ఎత్తయినవి ఎంచుకొన్నాను. స్కోపు తుపాకీ గొట్టానికి ఆరు సెంటీమీటర్ల పైన కూర్చుంది. పది మీటర్ల దూరాన గురి కుదుర్చుకొని, ఆ ఉత్సాహంలో మా బావగారిని పిలిచి, చిప్పను ఇరవై అయిదు మీటర్ల దూరానికి జరిపాను. అంత ఎత్తు నుంచి చూసే కంటి చూపును పది మీటర్ల దగ్గరే అందుకోవాలని పైకి ఎక్కుతూ బయల్దేరిన గుండు, అక్కడితో ఆగుతుందా? చిప్పకు రెండు వేళ్ళ ఎత్తున, మా ఆవిడ విత్తనానికి ఉంచుకొన్న ఆనపకాయలో దిగబడింది.

బావగారు కాయలోని చిల్లును వేలితో తడిమి చూసి, "కూరగాయల వేటను ఆ చట్టం నిషేధించలేదులేవోయ్" అన్నారు.

తక్కువ ఎత్తు రింగులతో, తుపాకీ తన్నుకు స్కోపు వెనక్కి జారకుండా ఆపే పిన్నుతో మూడో జత వచ్చేలోగా అమలాపురం బజారుకు వెళ్ళక తప్పలేదు. అక్కడ కొన్న రింగుల కొలతలు నన్నెవరూ అడగలేదు; త్రాసులో వేసి, కాగితం మీద అంకె రాసి, నా వైపు తిప్పారు.